పడవను మోగించి చూసిన మూడు రోజులు

గోవా నుంచి తిరిగొచ్చిన మొదటి ఆదివారం గురజాలలో ఆరాధన ముగిసి చెప్పులేసుకునేలోపు నలుగురు నన్ను ఆపారు. "మాస్టారూ, పడవ కొనడానికి పోయారంట, నిజమేనా?" అని ఒకరు. "కృష్ణలో తిప్పటానికా?" అని ఇంకొకరు. ఒక పెద్దావిడ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "రిటైరైనాక హాయిగా వాక్యం చెప్పుకోక ఈ చేపల యాపారం ఏందయ్యా నీకు?" అని బాధపడింది. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను. ప్రభువు కృప వల్ల నేను చేపల వ్యాపారంలో దిగలేదు.

పడవ మా తమ్ముడు సుధాకర్‌ది. అంటే, వాడు కొనాలనుకున్నది. వాడు ఇరవై నాలుగేళ్ళు సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేసి, ఇప్పుడు నరసరావుపేటలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. "అన్నాయ్, అన్నేళ్ళు సముద్రం మీదున్నానుగానీ నేను చూసింది ఇంజిన్ గదే. సముద్రం ఎట్టుంటదని పిల్లలు అడిగితే నూనె వాసన తప్ప ఏం గుర్తుకు రావట్లా" అనేవాడు. గాలితో నడిచే పాత తెరచాప పడవ ఒకటి కొని, భార్యనూ ఇద్దరాడపిల్లలనూ ఎక్కించుకుని, వానాకాలం పోయాక గోవా నుంచి కొచ్చి దాకా, కుదిరితే లక్షద్వీపాల దాకా, వెచ్చని నీళ్ళలో నెమ్మదిగా తిరగాలని వాడి కోరిక. చలి సముద్రాలు ఇరవై నాలుగేళ్ళు చాలన్నాడు.

మా మరదలు సుజాత ఒక్క షరతు పెట్టింది. అది నా మీద పడింది.

నరసరావుపేట స్టేషన్

నరసరావుపేటలో ఎక్కితే గోవాలో దింపే బండి ఒకటుంది. దాని కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా సుజాత నా చేతికి రెండు సంచులిచ్చింది. ఒకదాన్లో జొన్నరొట్టెలు, కోడి వేపుడు, గోంగూర పచ్చడి. రెండోదాన్లో ఒక కాగితం మాత్రమే ఉంది.

"బావగారూ, మీ తమ్ముడికి ఇనుమంటే తెలుసు. పడవ కాడికొచ్చేసరికి ఆయనకి కళ్ళు కనపళ్ళా. మీరు చూసి ఔనంటే ఔను, కాదంటే కాదు. నేను మళ్ళీ మాట్టాడను. నా పిల్లల్ని ఎక్కించేది మీ మాట మీద."

"నాకు పడవల గురించి ఏం తెలుసమ్మా? బాపట్ల అవతల సముద్రంలో మోకాలి లోతు కంటే ఎక్కువ దిగలేదు."

"మీరు భయపడతారు. అది చాలు."

కాగితం మీద ప్రశ్నలున్నాయి. నిలబడి వంట చెయ్యొచ్చా? పొయ్యి ఊగినా గిన్నె పడకుండా ఏదన్నా ఉందా? పిల్లలు పడుకునే చోట గాలి ఆడుద్దా? ఎండకు నీడ ఎక్కడ? తాగే నీళ్ళు ఎన్ని రోజులకొస్తాయి? చిన్న రోలు పెట్టే చోటుందా? తమ్ముడు మూడు నెలలుగా చదివిన పుస్తకాలన్నిటికంటే ఆ కాగితమే నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. బండెక్కక ముందే నా జేబులో "కాదు" సిద్ధంగా ఉంది. ఉదయం ప్రార్థనలో ప్రభువు చిత్తమే జరగాలని అడిగాను. ఆ చిత్తం ఏమిటో నేనే నిర్ణయించుకుని అడిగాను.

మాతో మూడోవాడు మస్తాన్. లారీ మెకానిక్. నా దగ్గర ఏడో తరగతి చదివాడు, ఇప్పుడు నలభై దాటాయి. పడవలో చిన్న డీజిల్ ఇంజిన్ కూడా ఉంటుందని, దాన్ని చూడటానికి తమ్ముడు తీసుకొచ్చాడు. పానాల సంచి భుజాన వేసుకుని, నా చేతి సంచి వైపు చూసి, "మాస్టారూ, మీరేం పానా తెచ్చారు?" అన్నాడు.

నేను మా నాన్న సుత్తి తెచ్చాను. మా నాన్న దాచేపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళకు నాపరాళ్ళు పరిచే మేస్త్రీ. అన్నదమ్ములిద్దరం బడి లేని రోజుల్లో ఆయన వెంట రాళ్ళు మోసినవాళ్ళమే. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. పైకి నున్నగా కనిపించినా లోపల పొర విడిపోయి ఉండొచ్చు. అందుకే ప్రతి రాయినీ పరిచేముందు సుత్తితో తట్టి వినేవాడు. మంచి రాయి ఖంగుమంటుంది. పొర విడిస్తే డబ్బుమంటుంది. "రాయి అబద్ధం చెప్పదురా, నునుపు చెప్పుద్ది" అనేవాడు. పడవ రాయి కాదని నాకూ తెలుసు. కానీ చేతిలో ఏదో ఒకటి లేకుండా వెళ్ళటానికి ధైర్యం చాలలేదు.

బండిలో

గుంటకల్లు దాటాక ఎదురు బెర్తు మీదికి బళ్ళారి ఆమె ఒకరు వచ్చింది. మా జొన్నరొట్టెలు చూసి, ఇంత మందమా అన్నట్టు వేలితో నొక్కి, తన రొట్టె ఒకటి తీసి మా ముందు పెట్టింది. కాగితంలా పల్చగా, అప్పడంలా పెళపెళలాడుతూ ఉంది. గోంగూర ఇచ్చాను. ఒక్క ముద్ద తిని కళ్ళు తుడుచుకుని ఇంకొంచెం వెయ్యమంది. భాష రాకపోయినా హుబ్బళ్ళి దాకా మాట్లాడుకున్నాం.

మస్తాన్ పై బెర్తు మీద నమాజు ఎలా చేయాలో తెలియక తంటాలు పడి, చివరికి కూర్చునే చేసుకున్నాడు. దిగొచ్చాక నా పక్కన కూర్చుని అడిగాడు.

"మాస్టారూ, మీ ప్రభువు తుపానులో పడవెక్కి నిద్రపోయాడని చిన్నప్పుడు చెప్పారు గదా. అంత ఊపులో నిద్రెట్టా పట్టింది?"

"పడవ వెనక భాగంలో దిండు మీద తల పెట్టుకుని నిద్రపోయాడు. తండ్రి మీద నమ్మకం."

"దిండు కూడా ఉందా? అయితే పడవ మంచిదే."

ఆ భాగం మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. దిండు గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

కొండల్లో పాలలాంటి జలపాతం పక్కనుంచి బండి నెమ్మదిగా పోతుంటే పెట్టె అంతా ఒక్క కిటికీ మీద పడింది. తమ్ముడు మాత్రం ఫోన్‌లో తాను మనసు పడ్డ నీలం పడవ బొమ్మ చూసుకుంటున్నాడు.

ఫిలోమినా ఆంటీ ఇల్లు

నది పక్కన రెండు గదులు అద్దెకిచ్చే ముసలావిడ ఇంట్లో దిగాం. పేరు ఫిలోమినా. ఆమె హిందీ మస్తాన్‌కు అర్థమైంది, ఇంగ్లీషు తమ్ముడికి అర్థమైంది, ప్రార్థన నాకు అర్థమైంది. సాయంత్రం ఆమె వీధి మూలనున్న తెల్ల సిలువ దగ్గర కొవ్వొత్తి వెలిగించి మోకరించింది. మా సంఘంలో సిలువకు పూలదండ వెయ్యం, కొవ్వొత్తి పెట్టం. కాసేపు దూరంగా నిలబడ్డాను. తర్వాత ఆమె సముద్రం మీదున్నవాళ్ళ కోసం ప్రార్థిస్తున్నదని తమ్ముడు చెప్పాడు. దానికి ఆమేన్ అనకుండా ఉండటానికి నాకు కారణం దొరకలేదు.

భోజనానికి వెళ్ళిన చోట చేపల కూర, ఎర్రబియ్యం అన్నం రెండొందల ఇరవై. కూరలో మన గుంటూరు కారం నాలుగో వంతు కూడా లేదు, కొబ్బరి మాత్రం దండిగా ఉంది. అన్నంతో పాటు ఇచ్చిన గులాబీ రంగు కొబ్బరిపాల చారు గ్లాసు చూసి మస్తాన్ రోజ్ మిల్క్ అనుకుని గటగటా తాగి, మొహం చిట్లించి, "పులుపు, ఉప్పు, వెల్లుల్లి. దీన్నెవడు కనిపెట్టాడు?" అన్నాడు. మర్నాటికి రెండు గ్లాసులు తాగుతున్నాడు. వడ్డించే అతను మందు ఏం కావాలని మూడుసార్లు అడిగి, ముగ్గురం వద్దనేసరికి, మరి గోవాకు ఎందుకొచ్చారని అడిగాడు.

పడవ కొనడానికని తెలిశాక ఫిలోమినా ఆంటీ ఒక మాట చెప్పింది. ఆమె భర్త ఓడ పనివాడు. "పైన రంగు చూడకండి. లోపల పడుకునే చోట దిండు ఎత్తి వాసన చూడండి. ముక్కవాసన వస్తే పడవ నీళ్ళు తాగుతున్నట్టు." నా ముక్కూ పనికొస్తుందన్నమాట.

మొదటి రోజు: పసుపు పడవ

వానాకాలమంతా గట్టు మీద చెక్కల ఆసరాతో నిలబెట్టిన పడవల్ని నది ఒడ్డు యార్డులో ఒక్కొక్కటే నీళ్ళలోకి దింపుతున్నారు. గట్టు మీద పడవ ఇంత ఎత్తుంటుందని నేను అనుకోలేదు. నిచ్చెన వేసుకుని ఎక్కాలి.

మొదట చూసింది ముప్పై రెండు అడుగుల పాత పడవ. పసుపు రంగు వెలిసి, ఎండలో మాగిన దోసకాయలా ఉంది. యజమాని పూణేలో ఉంటాడు. తాళాలు పాండుకాకా దగ్గరున్నాయి. పాండుకాకా యార్డులో పడవలు బాగుచేసే మేస్త్రీ. డెబ్బై ఏళ్ళుంటాయి. నా సుత్తి చూసి నవ్వి, దాన్ని తిప్పి, ఇనుము నా చేతిలో ఉండేలా పట్టించాడు. కర్ర పిడితో కొట్టమని సైగ చేశాడు. పడవ ఒళ్ళు ఫైబర్, అదీ పొరల మీద పొరలేనని మస్తాన్ హిందీలో విని నాకు చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పొరల సంగతి నాకు తెలుసు.

ముందు నుంచి వెనక్కు జానెడు జానెడు చొప్పున తట్టుకుంటూ వచ్చాను. టక్, టక్, టక్. గట్టిగా పలుకుతోంది. ఎడమ పక్క మధ్యలోకి వచ్చేసరికి డబ్. ఇంకో జానెడు, డబ్. మంచం అంత మేర డబ్, డబ్.

"కాదు" అన్నాను. ఉన్నట్టుండి గొంతులో బలం వచ్చింది. "పొర విడిపోయింది సుధాకర్. ఇది పిల్లల్నెక్కించే పడవ కాదు." అక్కడితో ఆగలేదు. జలప్రళయం ముందు లోపలా బయటా తారు పూసి ఓడ కట్టిన పితరుడి దగ్గర నుంచి మొదలుపెట్టి చిన్న ప్రసంగమే చేశాను.

పాండుకాకా అంతా ఓపిగ్గా విన్నాడు. నిచ్చెనెక్కి లోపలికెళ్ళాడు. కాసేపటికి పడవ కడుపు నుంచి గొట్టం గుండా నీళ్ళు ధారగా కారటం మొదలైంది. పావుగంట కారాయి. అప్పుడు తల బయట పెట్టి ఏదో అన్నాడు.

మస్తాన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "మాస్టారూ, మీరు కొట్టింది మంచినీళ్ళ ట్యాంకు మీదంట. కారుద్దేమో చూద్దామని నిన్ననే నిండా నింపాడంట. ఇప్పుడు కొట్టి చూడమంటన్నాడు."

కొట్టాను. టక్కుమంది.

తీర్పు తీర్చవద్దనే వాక్యం మీద నేను ఎంతమందికి బోధించానో వాళ్ళెవరూ ఆ యార్డులో లేకపోవడం ప్రభువు దయ. చెవి తప్పు వినలేదు. డబ్బుమనే అంది. వెనక ఏముందో అడగకుండా ఆ శబ్దాన్ని ఎగిరి పట్టుకున్నది నా మనసు. దానికి కావలసింది అదే.

తమ్ముడు నా సుత్తి తీసి సంచిలో పెట్టాడు. "పోనీలే అన్నాయ్, నాకు ఇది ఎట్టాగూ నచ్చలా. రేపటిది చూడు" అన్నాడు.

రెండో రోజు: నీలం పడవ

నీలం పడవ నిజంగా అందంగా ఉంది. లోపల టేకు చెక్క పాలిష్ మెరుస్తోంది. సుజాత కాగితంలోని ప్రశ్నలన్నిటికీ జవాబు దొరికింది. నిలబడి వంట చెయ్యొచ్చు. పడవ ఒరిగినా పొయ్యి తిరిగి సమంగా నిలిచి గిన్నెను పడనివ్వదు. రోలుకు కూడా చోటు ఉంది. తమ్ముడు చిన్నపిల్లాడిలా ప్రతి అర తెరిచి మూశాడు. మస్తాన్ ఇంజిన్ విని, "కొత్త పెళ్ళికొడుకల్లే ఉంది" అన్నాడు.

యజమాని స్టీఫెన్ గారు. నా సంచిలో పరిశుద్ధ గ్రంథం చూసి చేతులు జోడించి, తానూ విశ్వాసినేనన్నారు. పడవ పక్కన నిలబడి మనందరం ప్రార్థన చేద్దామన్నారు. చేశారు. చక్కగా చేశారు. మా కుటుంబాన్నీ ఆడపిల్లలనూ పేరుపేరునా అడిగి తెలుసుకుని ప్రార్థించారు. కళ్ళు తెరిచేసరికి తమ్ముడి కళ్ళు తడిగా ఉన్నాయి. "చూశావా అన్నాయ్, ప్రభువే నడిపించాడు" అన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. దిండు ఎత్తి వాసన చూశాను. కొత్త దిండ్లు, దుకాణం వాసన. వాటి వల్ల ఏమీ తెలియలేదు. మొహమాటంగానే సుత్తి తీశాను. విశ్వాసి ప్రార్థించిన పడవను తట్టి చూడటం తప్పేమో అనిపించింది. అయినా సుజాత మాట గుర్తొచ్చి తట్టాను.

కుడి పక్క ముందు భాగం, నీటి మట్టానికి కాస్త కింద. డబ్.

ఈసారి నోరు మూసుకున్నాను. నిచ్చెనెక్కి లోపలికెళ్ళి, ఆ చోటికి లోపలి వైపున ఏముందో చూశాను. ఖాళీ బీరువా. ట్యాంకు లేదు, ఏమీ లేదు. కిందికి దిగి మళ్ళీ తట్టాను. డబ్, డబ్, డబ్. రెండు తలుపుల మేర.

"సుధాకర్" అన్నాను.

వాడు నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. "ఏంది? మళ్ళీ ఏంది? నిన్న నీళ్ళ ట్యాంకుని పగులన్నావ్. ఈరోజు దీన్నంటన్నావ్. నువ్వు కాదనటానికే వచ్చావ్ అన్నాయ్. బండెక్కేటప్పుడే నాకు తెలుసు."

వాడన్నది నిజమే. పాండుకాకా దూరంగా బీడీ ముట్టించి మా వైపు చూడకుండా నిలబడ్డాడు. స్టీఫెన్ గారు ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నారు. నేను సుత్తి తిప్పి, పిడి ముందుకు పెట్టి తమ్ముడి చేతికిచ్చాను.

"నేనేం చెప్పను. నువ్వూ ఆ మేస్త్రీ కొడుకువే. కళ్ళు మూసుకుని కొట్టు."

"నాకు కళ్ళు మూసుకోవాల్సిన పన్లా."

"నాన్న మూసుకునేవాడు."

వాడు సుత్తి పిడిని బొటనవేలితో తుడిచాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. ముందు నుంచి మొదలుపెట్టాడు. టక్, టక్. చెయ్యి మెల్లగా వెనక్కు జరిగింది. డబ్. చెయ్యి ఆగింది. కళ్ళు తెరవకుండానే ఇంకోసారి కొట్టాడు, మెత్తగా, జ్వరమొచ్చిన పిల్ల నుదురు తట్టినట్టు. మళ్ళీ డబ్. పాండుకాకా బీడీ పారేసి వచ్చి జేబులోంచి సుద్దముక్క తీశాడు. తమ్ముడు కొట్టుకుంటూ పోతే ఆయన గీసుకుంటూ పోయాడు. చివరికి నీలం మీద తెల్ల గీత మా మండల పటమంత అయింది. ఎప్పుడో దేనికో గుద్దుకుని, పైన పూత వేసి ఉంటారని పాండుకాకా అన్నాడు.

స్టీఫెన్ గారు అది చూసి నిజంగానే తెల్లబోయారు. తాను కొన్నప్పుడే అలా ఉందేమో తనకు తెలియదన్నారు. నేను నమ్మాను. ఆయన ప్రార్థనకు ఆమేన్ అన్నాను, పడవకు అనలేకపోయాను. కరచాలనం చేసి వచ్చేశాం.

ఆ పూట తమ్ముడు అన్నం తినలేదు. మస్తాన్ గులాబీ గ్లాసు వాడి ముందుకు జరిపాడు. "తాగు అన్నా. ఇది కూడా మొదట బాగోదు."

తాగాడు. కాసేపటికి, "ఆ దోసకాయని ఇంకోసారి చూద్దామా?" అన్నాడు.

మూడో రోజు: నీళ్ళ మీద

ఉదయం పసుపు పడవ దిండ్లు ఎత్తి వాసన చూశాను. ఎండబెట్టిన పాత దూది వాసన, మా అమ్మ పెట్టెలో బొంతలాగా. ముక్కవాసన లేదు. ఒళ్ళంతా ఇంకోసారి తట్టాం, అన్నదమ్ములం చెరో పక్క. ఎక్కడా డబ్బుమనలేదు. సుజాత ప్రశ్నల్లో రోలు ఒక్కటే తేలలేదు. నీడకు గుడ్డ పందిరి ఉంది, గాలికి పైన మూడు కిటికీలున్నాయి. మస్తాన్ ఇంజిన్ దగ్గర మొహం నిండా మసి పూసుకుని, "ముసలిదేగానీ మాట వింటది" అని తేల్చాడు.

క్రేన్ పట్టీల మీద పడవ గాలిలో వేలాడుతూ నీళ్ళలోకి దిగింది. నన్ను ఎక్కించారు. తొడిగిన లైఫ్ జాకెట్ గడ్డం దాకా వచ్చింది.

"సోమవారం ఇంకెవరో చూడటానికొస్తన్నారంట" అన్నాడు తమ్ముడు. "సుజాతకి ఏం చెప్పమంటావ్?"

"ఎక్కానుగా. దిగాక చెప్తా."

నది సముద్రంలో కలిసే చోట పడవ పక్కకు ఒరిగింది. పొద్దున తిన్న పావు, భాజీ నేను బకెట్‌కు అప్పజెప్పాను. చేప కడుపులో మూడు రోజులున్న ప్రవక్త మీద నాకు అంతకు ముందెన్నడూ లేని జాలి కలిగింది. పాండుకాకా చుక్కాని పట్టుకుని, దూరంగా గీతలా ఉన్న ఒడ్డునే చూస్తుండమని వేలు చూపాడు. చూశాను. కడుపు కాస్త కుదుటపడింది.

అప్పుడు తమ్ముడు తెరచాప ఎత్తి, మస్తాన్‌కు సైగ చేశాడు. మస్తాన్ ఇంజిన్ ఆపాడు.

ఆ తర్వాతది ఎలా చెప్పాలో తెలియదు. చప్పుడు పోయింది. నీళ్ళు పడవ ఒళ్ళు రాసుకుంటూ పోయే శబ్దం మాత్రం ఉంది. చెయ్యి ముంచితే నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. తమ్ముడు తెరచాప తాడు పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత సముద్రం చూస్తున్నాడు. నేను వెనక భాగంలో కూర్చుని, ప్రార్థిద్దామని కళ్ళు మూసుకున్నాను.

అంతవరకే నాకు గుర్తుంది. లేచేసరికి యార్డు గట్టుకు తాడు కడుతున్నారు.

దిగాక తమ్ముడు నన్నేమీ అడగలేదు. నేనూ ఎలా మొదలుపెట్టాలో తెలియక చెప్పలేదు. బండిలో జవాబు కూర్చుకుంటూనే వచ్చాను. ఔననాలని ఉంది. ఆడపిల్లలు గుర్తొస్తే మళ్ళీ మొదటికొస్తున్నాను.

మళ్ళీ నరసరావుపేట

సుజాత గుమ్మంలోనే మంచినీళ్ళిచ్చింది. హాలులో నాపరాళ్ళ మీద లేత నీలం గుడ్డ పరిచి, కత్తెరతో కత్తిరిస్తూ ఉంది. నేను బండిలో కూర్చుకున్న జవాబు మొదలుపెట్టాను.

"అమ్మా సుజాతా, నువ్వు నా మీద పెద్ద బాధ్యత పెట్టావు. రెండు పడవలు చూశాం. ఒకటి కాదనుకున్నాం. రెండోదాని గురించి చెప్పాలంటే..."

"మీరు చెప్పారుగా బావగారూ."

"నేనింకా ఏమీ చెప్పలేదమ్మా."

ఫోన్ తీసి చూపించింది. మస్తాన్ పంపిన ఫొటో. పడవ వెనక భాగంలో నేను. నోరు తెరుచుకుని ఉంది. ఒక చేత్తో బకెట్‌ను పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. తల కింద ఆ పాత పసుపు పడవ దిండు ఉంది. పడవ ఇంతెత్తున ఒరిగి ఉంది, వెనకాల అలలు కనిపిస్తున్నాయి.

"బస్సులో సత్తెనపల్లి పోయేదాకా కూడా కళ్ళు మూయరు మీరు" అంది సుజాత. "ఇంత ఊపులో నిద్రపోయారు. ఇంకేం చెప్పాలి?"

తమ్ముడు నా వెనక నిలబడి నవ్వుతున్నాడు. తర్వాత వారం పడవల్ని పరీక్షించే సర్వేయర్ వెళ్ళి చూసి బాగుందని రాసిచ్చాడు. ఆయన చేతిలో కూడా చిన్న సుత్తి ఉందట, ప్లాస్టిక్‌ది.

"ఆ గుడ్డ ఎందుకమ్మా?" అని ఆ పూటే సుజాతను అడిగాను.

"పడవలో దిండ్లకి గలీబులు. నాలుగు కుడదామనుకున్నా." కత్తెర ఆపి, గుడ్డను జానతో కొలిచి, ఇంకో ముక్కకు గుర్తు పెట్టింది. "ఐదు కుడతన్నా."